చూసినందుకు ఉజ్రత్

మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఒక ఎంఎం 540 జీపు ఉంటుంది. అబ్బా కొన్నది. బేతంచెర్ల బండల గనుల్లో పని చూసుకుంటూ తిరిగిన రోజుల్లో ఒక కాంట్రాక్టర్ దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నారు. అబ్బా పోయి తొమ్మిదేళ్ళయింది. జీపు అమ్మేద్దామని భాయిజాన్ రెండుసార్లు మాటెత్తాడు. రెండుసార్లూ అమ్మీ ఆ పూట అన్నం తినలేదు. దాంతో ఆ బహస్ అక్కడే ఖతం. ఇప్పుడది ఇంట్లో పెద్దమనిషి లాంటిది. షాదీలకీ, చావులకీ, పిల్లల సెలవులకీ అందరం అందులోనే ఇరుక్కుని పోతాం.

పోయినేడు పండక్కి ముందు జీపు కడుగుతుంటే పక్కింటి చాచా గేటు దగ్గర నిలబడి, "ఏం మియా, మీ జీపు కుడికి ఒరిగినట్టుందే" అన్నారు. ముందు నుంచి చూస్తే నిజమే. డ్రైవర్ వైపు మడ్‌గార్డు దిగి ఉంది. టేపు పెడితే ఒక అంగుళం పైనే తేడా. అన్నాళ్ళూ రోజూ అందులో ఎక్కి దిగుతున్న నాకు కనపడలేదు, వీధిలో పోయే మనిషికి కనపడింది.

ఊళ్ళో ఒక కుర్ర మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. మంచి పిల్లగాడు. చేతిలో పని ఉంది, నోట్లో అబద్ధం లేదు. జీపు ముందు నిలబడి ఒక్క నిమిషం చూసి, "కుడివైపు ముందు కమాన్ కట్ట చచ్చిందన్నా. ఒక పట్టీ ఎక్స్‌ట్రా వేస్తే లేచి కూచుంటది" అన్నాడు. వేశాడు. పట్టీకీ కూలికీ కలిపి పద్దెనిమిది వందలు. సాయంత్రానికి జీపు తూకంలో పెట్టినట్టు బరాబర్ నిలబడింది. నేను ఖుష్. వాడు ఖుష్. చాచా కూడా వచ్చి చూసి, సబాష్ అన్నారు.

ఇక్కడ ఒక చిన్న మాట. కమాన్ కట్ట అని తెలుగునాట లారీ డ్రైవర్ నుంచి ఎద్దులబండి మేస్త్రీ దాకా అందరూ అంటారు. ఆ కమాన్ మన మాటే. ఫార్సీ నుంచి ఉర్దూకి, ఉర్దూ నుంచి షెడ్డుకి వచ్చింది. విల్లు అని అర్థం. ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, నడుమ బోల్టుతో బిగించిన విల్లు. జీపు సంగతి వస్తే అబ్బా ఇంకో ముచ్చట కూడా చెప్పేవారు. 1945లో లూధియానాలో ఆ కంపెనీ మొదలైనప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. ఆ మొహమ్మద్ మలిక్ గులామ్ మొహమ్మద్. దేశం రెండయ్యాక ఆయన పాకిస్తాన్ వెళ్ళి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు, తర్వాత గవర్నర్ జనరల్ కూడా అయ్యారు. ఇక్కడ 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. ఈ కిస్సా ఇంటికొచ్చిన ప్రతి మెహమాన్‌కీ అబ్బా చెప్పేవారు, వాళ్ళు ముందే విని ఉన్నా సరే.

నెలన్నర తర్వాత గిద్దలూరులో ఖాలా కూతురి షాదీ. నంద్యాల నుంచి గాజులపల్లె మీదుగా నల్లమల ఘాట్ రోడ్డులో పోవాలి. బండిలో అమ్మీ, ఆపా, ఆపా ఇద్దరు పిల్లలు, నా బేగం, నేను. ఆ పొద్దున సన్నటి వాన పడి రోడ్డు తడిసి ఉంది. దిగుడులో ఒక మలుపు దగ్గర ఎదురుగా లారీ కనిపించి బ్రేకు మీద కాలేశాను. జీపు ఆగడానికి బదులు కుడికి గుంజింది. స్టీరింగ్ ఎడమకి తిప్పి పట్టుకున్నా లారీ వైపే పోతోంది. ముందు ఎడమ చక్రం తిరగడం మానేసి జారుతున్న చప్పుడు నాకు స్పష్టంగా వినపడింది. లారీ డ్రైవర్ పుణ్యాన బతికాం. ఆయన తన బండిని కొండ పక్కకి పూర్తిగా నొక్కేశాడు. మధ్యలో మిగిలిన సందు ఒక మూర. అమ్మీ ఏమీ అనలేదు. షాదీ ఇంట్లో దిగాక మాత్రం నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తిరిగొచ్చాక బ్రేకులు విప్పించాను. బ్రేకు వేస్తే గుంజుతోంది కాబట్టి తప్పు బ్రేకులదే అయ్యుంటుందని నా అక్ల్. ముందు రెండు డ్రమ్ములూ విప్పి లైనర్లు మార్చారు, వీల్ సిలిండర్లు మార్చారు. నాలుగు వేలు దాటింది. పొడి రోడ్డు మీద బాగానే ఆగింది. మళ్ళీ వాన పడ్డ రోజు, అదే గుంజుడు.

అప్పుడు భాయిజాన్ అన్నాడు, అబ్బా జీపు చూసే ఉస్తాద్ దగ్గరికి పోదామని. డెబ్భై దాటాయి ఆయనకి. షెడ్డు కొడుక్కి అప్పజెప్పి, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉంటారు. నేను మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. ఒరిగింది, పట్టీ వేయించాను, గుంజింది, బ్రేకులు మార్పించాను. ఆయన అంతా విని అడిగింది ఒక్కటే: "ఒరిగినప్పుడు వెనక ఎవరన్నా చూశారా?"

వెనక ఎవరు చూస్తారు? ముందే కదా ఒరిగింది.

"పహలే దేఖో, ఫిర్ ఖోలో," అన్నారు ఆయన. ముందు చూడు, తర్వాత విప్పు. ఆ మాట అనేటప్పుడు కొడుకు వైపు చూశారు గానీ, అది మా అందరికీ తగిలింది.

ఆ గంటన్నరలో ఆయన చేసింది చెప్తాను. పాత జీపులు, జిప్సీలు ఉన్న ఇళ్ళు మనలో ఇంకా చాలా ఉన్నాయి. నాలాగే మీరూ ముందు మడ్‌గార్డు చూసి ముందు కమాన్ కట్టే అనుకుంటారు.

మొదట జీపుని షెడ్డు లోపల గచ్చు మీదికి తోయించారు. నీళ్ళు పోసి చూశారు, నీళ్ళు ఏ వైపూ పారలేదు. నేల సమంగా లేని చోట చేసిన కొలత దేనికీ పనికిరాదు. తర్వాత నాలుగు టైర్లలో గాలి కొలిచారు. ముందు రెండూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉన్నాయా అని చూశారు. ఒకటి కొత్తది, ఒకటి గుండైంది అయితే ఆ తేడాయే అర అంగుళం ఉండొచ్చు. బండిలోంచి నా సామాను, జాకీ, పానాల పెట్టె, వెనక సీటు కింద ఎప్పటి నుంచో పడున్న సిమెంటు సంచి సగం, అన్నీ దింపించారు. ఆ సంచి సంగతి నాకు తెలీదు.

తర్వాత టేపు. ఒక చోట కాదు, మూడు చోట్ల. చక్రం నడుమ బొడ్డు నుంచి మడ్‌గార్డు అంచుకి ఒకటి. యాక్సిల్ గొట్టం మీది నుంచి చాసిస్ అడుగుకి ఒకటి. చాసిస్ నుంచి నేలకి ఒకటి. మూడూ ఎందుకంటే, ఒక్కో కొలత ఒక్కో దొంగని పట్టిస్తుంది. యాక్సిల్‌కీ చాసిస్‌కీ మధ్య రెండు వైపులా సమంగా ఉండి, మడ్‌గార్డు దగ్గర మాత్రం తేడా ఉంటే, కమాన్ కట్టకి గునాహ్ లేదు. బాడీకీ చాసిస్‌కీ మధ్య ఉండే రబ్బరు దిండ్లు ఒక పక్క చివికిపోయి ఉంటాయి, లేదా ఎప్పుడో తగిలిన దెబ్బకి మడ్‌గార్డే వంగి ఉంటుంది. యాక్సిల్‌కీ చాసిస్‌కీ మధ్య సమంగా ఉండి చాసిస్‌కీ నేలకీ మధ్య తేడా ఉంటే టైరు చూడాలి. యాక్సిల్‌కీ చాసిస్‌కీ మధ్యే తేడా ఉంటే, అప్పుడు కమాన్ దాకా రావాలి.

ఇంకో కొలత కూడా తీశారు. ముందు చక్రం బొడ్డు నుంచి వెనక చక్రం బొడ్డు దాకా, రెండు వైపులా. ఒక పక్క తక్కువ వస్తే యాక్సిల్ జరిగిందని. సెంటర్ బోల్టు తెగితే అలా జరుగుతుంది. మాది జరగలేదు.

పట్టీ వేయించాను కాబట్టి మా జీపు అన్ని కొలతల్లోనూ దాదాపు సమంగా వచ్చింది. నేను అన్నాను, "చూశారా ఉస్తాద్, బరాబరే ఉంది కదా" అని. ఆయన నవ్వారు. టేపుకి ఎత్తు తెలుస్తుంది, బరువు తెలీదు అన్నారు.

అప్పుడు జాకీ తెప్పించారు. ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టించి, చాసిస్ వెనక అడ్డపట్టీ నడిమధ్యలో, ఒక్కచోట జాకీ పెట్టి లేపించారు. వెనక కమాన్ కట్టల మీద బరువు పోయేదాకా. ఇప్పుడు బండి వెనక భాగం ఒక్క మొన మీద ఉంది. అటూ ఇటూ ఒరగడానికి దానికి అడ్డు లేదు. బండిని నిటారుగా నిలబెట్టే జిమ్మేదారీ అంతా ముందు రెండు కమాన్ కట్టల మీదే పడింది. దాని అసలు నిజం అప్పుడు బయటపడింది. అందాకా సమంగా ఉన్న జీపు మెల్లగా ఎడమకి ఒరిగింది. ఎడమకి!

తర్వాత ఆ ఎక్స్‌ట్రా పట్టీ తీయించి మళ్ళీ అలాగే లేపించారు. ఈసారి ముందు భాగం బరాబర్. అంటే ముందు రెండు కట్టలూ మొదటి నుంచీ బాగానే ఉన్నాయి. ఇప్పుడు తిరగేసి, వెనక చక్రాలకి రాళ్ళు పెట్టి, ముందు నడిమధ్యలో జాకీ. జీపు కుడికి వాలిపోయింది. మర్జ్ వెనక కుడివైపు ఉంది. కట్ట విప్పితే, పై నుంచి రెండో పట్టీ సెంటర్ బోల్టు కన్నం దగ్గర అడ్డంగా విరిగి ఉంది. యూ బోల్టుల ప్లేటు కింద విరగడంతో బయటికి కనపడలేదు. విరుగులో సగం నల్లగా తుప్పు, సగం కొత్త మెరుపు. ఎన్నాళ్ళుగానో కొంచెం కొంచెంగా చీలి, చివరికి తెగింది. యూ బోల్టులు వదులైతే కట్ట అక్కడే నలిగి అక్కడే విరుగుతుందట. మా బోల్టులకి ఎవరూ పానా పెట్టి ఎన్నేళ్ళయిందో.

వెనక విరిగితే ముందు ఎందుకు ఒరిగింది? దీనికి ఆయన మంచం లెక్క చెప్పారు. చాసిస్ మంచం చట్రం లాంటిది. అంతా ఒకే ముక్క. ఒక మూల కుంగితే ఆ వైపు మొత్తం వాలుతుంది, ముందూ వెనకా ఒకేలా. మనం బండిని ఎప్పుడూ ముఖంలోంచే చూస్తాం కాబట్టి ముందు ఒరిగింది అనుకుంటాం. ఇక మంచానికి వెనక కుడి కోడు పొట్టిదయిందనుకోండి. మీరు ముందు కుడి కోడు కింద ఒక పెంకు ముక్క పెట్టారు. చూపుకి మంచం సరిపోయింది. కానీ బరువెక్కడుంది? ముందు కుడి కోడు మీద, దానికి ఎదురు మూల వెనక ఎడమ కోడు మీద. మిగతా రెండు కోళ్ళూ నేలని ఊరికే తాకుతున్నాయి.

మా జీపులో ఆ ఊరికే తాకే కోళ్ళలో ఒకటి ముందు ఎడమ చక్రం. దాని మీద బరువు లేదు. బ్రేకు ముందు రెండు చక్రాలనీ ఒకేలా పట్టుకుంటుంది. బరువు లేని చక్రం తడి రోడ్డు మీద ముందుగా జామై జారుతుంది. బరువున్న కుడి చక్రం రోడ్డుని గట్టిగా పట్టి ఆగుతుంది. బండి పట్టు ఉన్న వైపుకి, అంటే కుడికి తిరుగుతుంది. మన దేశంలో కుడి అంటే ఎదురొచ్చే లారీ. పట్టీ వేయకముందు ఈ లోపం కొంచెం ఉండేది, చూపుకి తెలిసేది. పట్టీ వేశాక లోపం పెరిగింది, చూపుకి తెలియకుండా పోయింది. జీపు ఒరిగి ఉన్నప్పుడే మేం ఎక్కువ సలామత్‌గా ఉన్నాం.

ఇది విన్నాక నాకు కాసేపు మాట రాలేదు. పద్దెనిమిది వందలిచ్చి నేను కొన్నది ఏమిటో అప్పుడు అర్థమైంది.

ఇంకొన్ని సంగతులు ఆయన చెప్పినవి, తర్వాత నేను నలుగురిని అడిగి రూఢి చేసుకున్నవి. ఒరిగిన బండికి షాకబ్జర్లు మార్పించేవాళ్ళు చాలామంది. మామూలు ఆయిల్ షాకబ్జర్ ఎత్తుని పట్టదు, ఊపుని పడుతుంది. అది పోతే బండి గంతులేస్తుంది, ఒక వైపు కుంగదు. అనుమానం నిజంగా ముందు కట్టల మీదే ఉంటే, రెండింటినీ అటుదిటు మార్చి చూడాలి. ఒరుగు కట్టతో పాటు రెండో వైపు పోతే కట్టదే తప్పు. ఉన్న వైపే ఉంటే చాసిస్‌లో, బ్రాకెట్‌లో, షాకిల్‌లో వెతకాలి. పాత జీపుల్లో కమాన్ బ్రాకెట్ రివిట్లు వదులవుతాయి, చాసిస్ అక్కడే చిట్లుతుంది. రంగు కింద సన్నటి తుప్పు గీతలా కనపడుతుంది. రబ్బరు బుష్షులున్న షాకిల్ బోల్టులని చక్రం గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు అదే మెలికలో పట్టేసి, కిందికి దించాక ఆ మూల ఎత్తుగా నిలబడుతుంది. చక్రాలు నేల మీద, బరువు కట్టల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు. కుంగిన పట్టీలని గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంపు తెచ్చేవాళ్ళూ ఉన్నారు. అది ఉక్కుకి పోసిన పానాన్ని తీసేస్తుంది. నాలుగు నెలల్లో ముందుకంటే ఎక్కువ కుంగుతుంది. మార్చాల్సి వస్తే ఒక వైపు మాత్రమే మార్చొద్దు, జోడీగా మార్చాలి. కొత్త విల్లూ పాత విల్లూ ఒకే బరువుకి ఒకేలా వంగవు.

2010లో వచ్చిన థార్‌లలో కొన్నింటికి ముందు కమాన్ ఉండదు, టార్షన్ బార్ అనే మెలిపడే ఉక్కు కడ్డీ ఉంటుంది. దాని చివర ఒక బోల్టు. తిప్పితే ఆ వైపు లేస్తుంది. ఇంత సులువు కాబట్టే అందరూ తిప్పేస్తారు. మంచం లెక్క అక్కడా అదే. పైగా తిప్పాక అలైన్‌మెంట్ మారుతుంది, టైరు ఒక అంచు తింటుంది. వెనక చూడకుండా ఆ బోల్టు ముట్టుకోనివ్వకండి. జాకీ పరీక్ష ఎవరు చేసినా, ఒక్క జాకీ మీదున్న బండి కిందికి చేయి గానీ తల గానీ పోనివ్వొద్దు. బయట నిలబడి చూడ్డానికే ఆ పరీక్ష.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. అది ఆ కుర్ర మెకానిక్ మీద కాదు.

ఈ కిస్సా చెప్పగానే విన్నవాళ్ళు వెంటనే అనేది, "ఈ కాలం పిల్లలకి పని రాదు, డబ్బులు గుంజడమే" అని. గలత్. ఆ పిల్లగాడి జాగాలో నిలబడి చూడండి. నేను వెళ్ళినప్పుడు అతను గంటన్నర నా జీపు కింద దొర్లి, నాలుగు కొలతలు తీసి, రెండుసార్లు జాకీ పెట్టి, "అన్నా, మీ ముందు కమాన్లు బాగున్నాయి, ఏమీ చేయక్కర్లేదు, వెనక చూడాలి" అనుంటే నేను ఎంత ఇచ్చేవాణ్ణి? నిజం చెప్పాలంటే ఏమీ ఇచ్చేవాణ్ణి కాదు. "ఏమీ చెయ్యలేదు కదా" అని టీ తాపించి వచ్చేవాణ్ణి. పైగా ఇంటికొచ్చి, వాడికి పని తెలీదు, గంటన్నర తిప్పించుకున్నాడు అనేవాణ్ణి. పట్టీ వేశాడు కాబట్టి పద్దెనిమిది వందలిచ్చాను. మనం సామానుకి డబ్బులిస్తాం. సుత్తి దెబ్బకి డబ్బులిస్తాం. చూపుకి ఇవ్వం. చూసినందుకు ఉజ్రత్ అనేది మన షెడ్డు హిసాబులోనే లేదు. అలాంటప్పుడు ఏదో ఒకటి బిగించకుండా మెకానిక్ బతికేదెట్లా?

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. కాలేజీలో తెలుగు తీసుకున్నాక, తష్ఖీస్ అన్న మాట పక్కన నోటుబుక్కులో రోగనిర్ధారణ అని రాసుకున్నది గుర్తుంది. ఆ మాటని బండికి వాడగా నేను మొదటిసారి విన్నది ఈ ఉస్తాద్ నోట్లోనే. "తష్ఖీస్ గలత్ అయితే ఇలాజ్ జెహర్ అవుతుంది బేటా." మనకి ఇది కొత్త మాట కాదు. ఊళ్ళో హకీం సాబ్ నబ్జ్ పట్టి చూస్తే, మందు ఇవ్వకుండా "రెండు రోజులు గంజి తాగించండి చాలు" అన్నా, అమ్మీ కొంగు ముడి విప్పి డబ్బులిచ్చేది. ఇప్పుడు డాక్టర్ దగ్గర ఓపీ చీటీకే డబ్బులు కట్టి లోపలికి పోతాం. ఆయన పది నిమిషాలు చూసి, ఏమీ లేదు అంటే అల్‌హందులిల్లా అనుకుని వస్తాం. అదే మాట మెకానిక్ అంటే మాత్రం పైసా రాలదు. ఒకరిది ఇల్మ్, ఇంకొకరిది కేవలం మజ్దూరీ అని మనమే గీత గీశాం. ఆ మజ్దూరీ చేసేవాళ్ళలో మన తమ్ముళ్ళు, మేనల్లుళ్ళు, మామూలు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. కర్నూలులో, కడపలో, గుంటూరులో, ఏ ఊరి లారీ షెడ్ల వరసలోకైనా పొయ్యి నాలుగు పేర్లు అడగండి.

ఇందులో ఇంకో నుక్సాన్ ఉంది. చూపుకి విలువ లేనప్పుడు చూపు నేర్పేవాడు ఉండడు. ఉస్తాద్ కొడుకు నాతో ఖులాసాగా చెప్పాడు: "అబ్బాకి తెలిసినవన్నీ నాకు రావు భాయ్. నేర్చుకోలేక కాదు. అబ్బా లెక్కన చూస్తూ కూచుంటే రోజుకి రెండు బండ్లు. నా ఈఎంఐ ఆరు బండ్లది." అతన్ని తప్పు పట్టే ముఖం నాకు లేదు. జీపు కింద పడుకుని నేర్చుకున్న హునర్ అది. ఏ పుస్తకంలోనూ రాసి లేదు. ఆ కుర్చీ ఖాళీ అయిన రోజు దాంతోపాటే పోతుంది. అప్పుడు మనకి మిగిలేది ఎక్స్‌ట్రా పట్టీలు.

ఒక భాయ్‌సాబ్‌తో ఈ మాటంటే, "జీపు పెట్టుకున్నవాడేం నవాబా, చూడ్డానికి కూడా డబ్బులిస్తూ పోవడానికి" అన్నారు. సరే, హిసాబ్ చూద్దాం. పట్టీకి పద్దెనిమిది వందలు, బ్రేకులకి నాలుగు వేల పైన, ఆ పట్టీ తీయించడానికి మళ్ళీ కూలి. చివరికి అసలు తప్పుకి అయిన ఖర్చు, వెనక రెండు కట్టలకీ జోడీగా కొత్త రెండో పట్టీలు, యూ బోల్టులు, సెంటర్ బోల్టులు, కూలి అన్నీ కలిపి, అందాకా దండగ పెట్టిన దానికంటే తక్కువ. మొదటి రోజే ఎవరో ఒకరికి చూసినందుకు ఐదు వందలిచ్చుంటే నాకు ఐదు వేలు మిగిలేవి. ఘాట్ రోడ్డు మీది ఆ మూరెడు సందుని ఏ ఖాతాలో రాయాలో నాకు తెలీదు, కాబట్టి రాయను. చూపుకి డబ్బులివ్వడం నవాబుల పని కాదు. నాలాంటి నెల జీతగాళ్ళకే అది కావాలి.

ఇంకొకరు అడిగారు, మరి డబ్బులిస్తే మాత్రం అందరూ ఉస్తాద్‌లా చూస్తారా అని. చూడరు. కొందరు తీసుకుని కూడా ఒక్క నిమిషమే చూస్తారు. కానీ ఇచ్చినవాడికి అడిగే హక్కు వస్తుంది. ఎక్కడ కొలిచావ్, వెనక చూశావా, జాకీ పెట్టావా అని. ఉచితంగా చూడమన్నవాడు అవి అడగలేడు. నేను అడగలేకపోయింది అందుకే.

ఆ రోజు పనంతా అయ్యాక బిల్లులో సామాను, కూలి వేశారు. గంటన్నర చూసినందుకు ఎంత అని ఉస్తాద్‌ని అడిగాను. "నక్కో బేటా, మీ అబ్బా జీపు" అని చేయి అడ్డం పెట్టారు. పక్కన నిలబడ్డ కొడుకు ముఖం చూశాను. ఆయనకి కాకుండా అతనికి ఇచ్చాను. అతను వద్దనలేదు.

పోయిన నెల స్టీరింగ్ ఆడటం మొదలెట్టింది. స్టీరింగ్ బాక్స్ పోయుంటుంది, పెద్ద ఖర్చే అన్నాడు భాయిజాన్. కావాలనే ఆ కుర్ర మెకానిక్ దగ్గరికే తీసుకెళ్ళాను. ఏమీ విప్పొద్దు, ఊరికే చూసి చెప్పు, చూసినందుకు ఎంత తీసుకుంటావ్ అన్నాను. హాస్యమాడుతున్నాననుకుని నవ్వాడు. "టీ తాపించన్నా చాలు" అన్నాడు. మూడు వందలు బానెట్ మీద పెట్టాను. నోట్ల వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి జేబులో పెట్టుకున్నాడు. నన్ను సీట్లో కూచోబెట్టి స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమని కిందికి దూరాడు. తిప్పు అన్నప్పుడు తిప్పాను, ఆపు అన్నప్పుడు ఆపాను. దాదాపు ముప్పావు గంట. చొక్కా వీపంతా గ్రీజు చేసుకుని లేచి అన్నాడు, "బాక్స్ బానే ఉందన్నా. దాన్ని చాసిస్‌కి పట్టించే బోల్టులు వదులైనాయ్. బిగిస్తే సరిపోద్ది." బిగించాడు. దానికి డబ్బులివ్వబోతే, "ఇచ్చినావ్ కదా" అన్నాడు.